సిస్టరమ్మ పట్టిన ఒక్కపొద్దు

మొన్న వనపర్తి బస్టాండులో పక్కనున్నావిడ చేతులకు శానిటైజరు రాసుకుంది. ఆ స్పిరిటు వాసనకు నా చిన్నతనం మొత్తం గుర్తుకొచ్చింది. ఎవరికైనా చిన్నతనం అంటే పిండివంటల వాసన వస్తుందేమో, నాకు మాత్రం ఇదే.

దవాఖాన పాలు కాకముందు రాజోలిలో మాకూ అందరిలాంటి రోజులే: తుంగభద్ర ఇసుకలో పిచ్చుకగూళ్లు కట్టడం, కొత్త పల్లికాయ పీకినప్పుడు మట్టివాసన పోకుండా ఉడకబెట్టినవి ఒళ్లో పోసుకొని ఒలుచుకోవడం, ఉగాదికి అమ్మ పూర్ణం పెట్టి చేసిన బచ్చాలు నా వాటావి కూడా తమ్ముడు రాజు లాక్కుని ఉరకడం. ఆ తర్వాత వాడికి జ్వరం విడవలేదు. రక్త క్యాన్సరన్నారు. నన్ను బడి మాన్పించి, వాడితోపాటు హైదరాబాదు తీసుకుపోయారు.

దారిలో బీచుపల్లిలో దిగి అమ్మ ఆంజనేయస్వామికి మొక్కింది. కొడుకు తన కాళ్లతో నడిచొచ్చి గుడి మెట్లెక్కేదాకా ఒక్కపొద్దే, అంటే రోజుకు ఒక్క పూటే తిండి. దవాఖానలో ఆ పూట కూడా వాడు వదిలేసిన ఇడ్లీ ముక్కలే తినేది. ఒకనాడు సూది వేసేటప్పుడు వాణ్ణి పట్టుకొనే కూలబడిపోయింది. వాడు సూదికి ఏడవలేదు, అమ్మను చూసి ఏడ్చాడు.

వార్డులో పెద్ద నర్సు మా గద్వాల దిక్కు మనిషే, అందరం సిస్టరమ్మ అనేవాళ్లం. అమ్మను లేపి నీళ్లు తాగించి, "గిట్ల నువ్వు పడిపోతె పోరడు ఎవల దిక్కు జూడాలె చెల్లె?" అన్నది.

"మొక్కు దప్పితె నా కొడుక్కే తగుల్తది" అన్నది అమ్మ.

సిస్టరమ్మ వాదించలేదు. "తప్పొద్దు. నీ బదులు నేనుంట ఒక్కపొద్దు. ఇంట్ల ఒకలకు శాతగాకుంటె ఇంకొకలు పట్టరా? నువ్వు తిను."

ఆనాటి నుంచి అమ్మ రెండు పూటలా తిన్నది. నాన్న ఊరి నుంచి వచ్చినప్పుడల్లా సిస్టరమ్మ ఆయన్ను రాజు పక్కన కూర్చోబెట్టి, అమ్మను స్నానానికీ నిద్రకూ పంపేది. నాకు జడలేసి, "నువ్వు తిన్నవా?" అని అడిగేది. అప్పటికి నన్ను ఆ మాట అడిగేవాళ్లే లేరు.

రాజు బతకలేదు. అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"సిస్టరమ్మను తినుమను బిడ్డా. ఇంక ఒక్కపొద్దు ఎందుకు?"

వెళ్లి చెప్పాను. ఆమె గోడవైపు తిరిగింది.

ఇప్పుడు ఆ వార్డు లేదు, సిస్టరమ్మ ఎక్కడుందో తెలియదు. తుంగభద్రలో ఇసుక కూడా మునుపటిలా లేదు. రాజు గొంతు ఎట్లా ఉండేదని నిన్న అమ్మను అడిగాను.

"నాకు గూడ యాదికొస్తలేదు బిడ్డా" అన్నది.