వాయిదా వేసిన అప్‌డేట్

ఈ ఎడారి దేశంలో, ఘాలాలోని మా కంపెనీ కంప్యూటర్లన్నీ శుక్ర, శనివారాల సెలవు తర్వాత ఒక ఆదివారం ఉదయం పనిచేయడం మానేసినప్పుడు, దానికి కారణం టైమ్‌కీపర్ అన్న అని ఆఫీసంతా నమ్మింది. ఆయన కాదనీ, నేననీ తెలిసి కూడా నేను నోరు విప్పలేదు. ఇన్నేళ్లలో నా భార్యకు కూడా ఈ సంగతి చెప్పలేదు.

ఇప్పుడు చెప్పడానికి కారణం ఈ మధ్య వచ్చిన ఒక మెయిల్. మేం వాడే సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా ఒక లోపం బయటపడిందనీ, దాన్ని పూడ్చే అప్‌డేట్ వెంటనే వేసుకోవాలనీ తయారుచేసినవాళ్లు రాశారు. ఇలాంటివి ఈ రోజుల్లో వస్తూనే ఉంటాయి కాబట్టి ఎవరూ పెద్దగా కంగారుపడరు. నేను మాత్రం ముందున్న టీ ముట్టకుండా మిషన్లన్నిటికీ అది వేసి, పాస్‌వర్డ్‌లు మార్పించి లేచేసరికి మధ్యాహ్నమైంది. గురువారం అందరూ వెళ్లాక నింపాదిగా చేసుకోవచ్చు కదా అని పక్క సీటు అకౌంటెంటు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నా ఈడు వాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఇంటివాళ్ల ముఖం ఫోన్‌లో చూడాలంటే ఇక్కడి నుంచి మామూలు వీడియో కాల్స్ కలిసేవి కావు. ఏ రూమ్‌లో ఎవరికి ఏ యాప్‌తో కాల్ కలిసినా, సాయంత్రానికల్లా అది ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు, పెన్‌డ్రైవ్ నుంచి పెన్‌డ్రైవ్‌కు ఎక్కుతూ మేముండే కంపెనీ క్యాంప్ మొత్తం తిరిగేది. ఎవరు తయారుచేశారో, లోపల ఏముందో అడిగినవాడు లేడు. పక్క మంచం వాడు ఇచ్చాడంటే మంచిదే అయి ఉంటుందని మా నమ్మకం. ఆ యాప్‌లు వేసిపెట్టడంలో టైమ్‌కీపర్ అన్నది అందెవేసిన చేయి. నిర్మల్ వైపు మనిషి, మేస్త్రీ దగ్గర కూలీగా వచ్చి, మెల్లగా కంప్యూటర్ నేర్చుకుని, హాజరు మిషనూ సెలవు కాగితాలూ చూసే కుర్చీ దాకా ఎదిగాడు. డ్యూటీ నుంచి వచ్చి స్నానమైనా చేయకముందే ఆయన గుమ్మం దగ్గర ఫోన్లు పట్టుకుని మనుషులు నిలబడేవారు. నరసాపురంలో నా భార్య ప్రసవించినప్పుడు, పొత్తిళ్లలో ఉన్న నా కూతురిని నేను మొదటిసారి చూసింది కూడా ఆయన నా ఫోన్‌లో వేసిచ్చిన యాప్‌లోనే.

కంపెనీ కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం. సైట్లలోని ఇంజినీర్లు దూరం నుంచి ఆఫీసు ఫైళ్లు తెరుచుకోవడానికి సర్వర్ గదిలో ఒక పెట్టె ఉండేది. దానిలో పెద్ద లోపం ఉందనీ, దాని ద్వారా బయటివాళ్లు పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి రాగలరనీ ఆ వారం మొదట్లోనే మెయిల్ వచ్చింది. అప్‌డేట్ వేయాలంటే పెట్టెను ఒకసారి ఆపి మళ్లీ నడపాలి. అంతకుముందొకసారి అలా ఆపితే, ఖురియాత్ సైట్ నుంచి డ్రాయింగులు పంపుతున్న ఇంజినీరు పని మధ్యలో తెగిపోయి, మేనేజరు నన్ను అందరి ముందూ కడిగేశాడు. ఆ అవమానం మనసులో ఉండి, గురువారం అందరూ వెళ్లాక చేద్దామనుకున్నాను. తీరా గురువారం సాయంత్రం, షికారుకు తీసుకెళ్లే స్నేహితుల కారు కింద హారన్ కొడుతుంటే, ఆదివారం వచ్చి చూద్దాంలే అని గదికి తాళం వేశాను. లోపం సంగతి బయటపెట్టిన రోజే అది దొంగలకూ తెలుస్తుందనీ, అక్కడి నుంచి మనకూ వాళ్లకూ పరుగుపందెమేననీ నాకు తెలియక కాదు. మాకెవరు వస్తారులే అనుకున్నాను.

ఆదివారం వచ్చేసరికి ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. డబ్బిస్తేనే తెరుస్తామని తెర మీద బెదిరింపు. నకళ్లు దాచిన డిస్కునైనా తీసి బీరువాలో పెట్టానా అంటే అదీ లేదు, ఎప్పుడూ సర్వర్‌కే తగిలించి ఉంచేవాణ్ణి, దానికీ అదే గతి పట్టింది. హాజరు లెక్కలతో పాటు సెలవు కాగితాలూ పోయాయి. చెల్లెలి పెళ్లికి వెళ్లాల్సిన ఒక మేస్త్రీ ప్రయాణం ఆగిపోయింది. మేనేజరు కంప్యూటర్లన్నీ వెతికించగా టైమ్‌కీపర్ అన్న కంప్యూటర్‌లో ఆ వీడియో కాల్ యాప్ కనిపించింది. భోజనం వేళ కూతురితో మాట్లాడటానికి వేసుకున్నాడు. వైరస్ దీనితోనే వచ్చిందా అని మేనేజరు నన్ను అడిగాడు. అయ్యుండొచ్చు సార్ అన్నాను.

బాగుచేయడానికి వచ్చిన నిపుణుడు, దొంగలు వచ్చింది ఆ పెట్టెలోంచేనని తర్వాత నాతో అన్నాడు. ఆ మాట నా దగ్గరే ఆగిపోయింది.

అన్నను ఆఫీసు నుంచి తీసేసి బహ్లా సైట్‌కు కూలీగా పంపారు. బస్సెక్కుతుంటే వెనక నుంచి ఎవరో "ఓ వైరస్ భాయ్, బస్సును గూడ ముట్టకే, ఆగిపోతది!" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వబోయి, తలవంచుకుని వెనక సీట్లోకి వెళ్లాడు. నేను ఆఫీసు మెట్ల మీదే నిలబడి ఉన్నాను.

ఎన్నో ఏళ్లకు ఆయన మళ్లీ ఘాలా గోడౌన్‌కు వచ్చాడు. అప్పటికి నేను శుక్రవారాలు క్యాంప్ మెస్‌లో, ఫోన్‌కు వచ్చే అప్‌డేట్ ఎందుకు వెంటనే వేసుకోవాలో, యాప్ ఎక్కడి నుంచి దించుకోవాలో చెబుతుండేవాణ్ణి. మొన్నటి మెయిల్ వచ్చిన వారం కొత్త లోపం గురించి వివరిస్తుంటే ఆయన వెనక నుంచి లేచాడు. "నా లెక్క జేయకుండ్రి తమ్ముల్లారా. ఎవడో ఇచ్చిన యాప్ ఎక్కించి కంపెనీని ముంచినోణ్ణి నేనే. ఒకని చెల్లె పెండ్లి గూడ నా వల్లనే తప్పిపాయె" అన్నాడు.

ఆఫీసు ఆయన్ని దోషిని చేసిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆయన కూడా దాన్ని నమ్మి మోస్తున్నాడని ఆ రోజే తెలిసింది. ఇక ఆగకూడదనుకున్నాను.

ఆదివారం మేనేజరు దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. పాత సంగతి, తవ్వితే నీ ఉద్యోగానికే ముప్పు అన్నాడాయన. ఉంటే ఉంటుంది, పోతే పోతుంది, ఆయన పేరు ఎవరి మధ్య పోయిందో వాళ్ల మధ్యే చెబుతానన్నాను.

ఇప్పుడు క్యాంప్‌లో ఎవరి ఫోన్ వారిదే. తెలియని ఫైలు ముట్టుకోవద్దని నేనే నేర్పుతున్నాను, అది నేర్పవలసిందే. అయినా పక్క మంచం వాడి చేతికి ఫోన్ ఇచ్చేసి, మా ఇంటిది కలుపవే అన్నా అని ధీమాగా కూర్చునే ఆ సాయంత్రాలు ఇక రావు. మాకు అలా ఇంటివాళ్ల ముఖాలు చూపించిన మనిషినే మేం వైరస్ అన్నాం.

ఆ తర్వాతి శుక్రవారం మెస్‌లో అందరి ముందూ చెప్పాను: లోపం పెట్టెలో ఉందనీ, అప్‌డేట్ వేయనిది నేననీ, అన్న యాప్‌కూ దానికీ సంబంధం లేదనీ. అన్న వెనక వరుసలోంచి లేచాడు.

"గంత మంది ఇండ్లల్ల తిట్లు నా మీద బడ్డయి తమ్మీ. భయపడి నా బిడ్డకు వీడియో కాల్ జేసుడే బంద్ వెట్టిన. అది పెద్దగైంది, నేను జూల్లే. నీకు ఎర్కుండి గూడ ఎందుకు జెప్పలే?"

వీసా రద్దవుతుందని భయపడ్డాననీ, అప్పుడే కూతురు పుట్టిందనీ మొదలుపెట్టాను.

"నాకు గూడ బిడ్డ ఉండె గదా" అన్నాడు.

ఆయన దగ్గరికి నడిచి వెళ్లి, చేతులు జోడించాను.

"నా తప్పు నీ నెత్తిన పెట్టాను అన్నా. నీ బిడ్డను నీకు దూరం చేశాను. నన్ను క్షమించు."