పొడుగోడి మోకాలు

ఈ సాయంత్రం ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడితే మల్లేశన్న కనిపించాడు. ఒకప్పుడు నాచారంలో నెట్ సెంటర్ నడిపేవాడు. రోజూ డ్యూటీ దిగి అక్కడే కూర్చుని, ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ గేమ్‌లో నా టీమ్‌ను నడిపేవాణ్ణి. అసలు బంతిని ఏనాడూ పట్టుకున్నవాణ్ణి కాదు.

బాగున్నావా అని కూడా అడక్కుండా, "తమ్మీ, మన పొడుగోని మోకాలు తక్కువైందా?" అన్నాడు.

"ఎవరిదన్నా?"

"గదేందే, నీ టీమ్‌ల ఆడెటోడు, తాటిచెట్టంత ఉంటడు! వానికి దెబ్బ తాకిననాడు నువ్వు చాయ్ గూడ ముట్టలే."

పక్కనున్న మా ఆవిడ కంగారుపడి, "ఏ ఆస్పత్రిలో ఉన్నాడండీ?" అంది.

నేను తేరుకుని నవ్వేలోపే మల్లేశన్న బస్సు వచ్చేసింది, ఎక్కేశాడు.

ఇంటికొచ్చి ఎన్నాళ్లకో ఆ గేమ్ తెరిచాను. అందులో మూడు నెలలకే ఆటగాళ్లకు ఒక ఏడాది వయసు పెరుగుతుంది. టీమ్‌లోకి తీసుకున్నప్పుడు మా పొడుగోడు నాకంటే చిన్నవాడు. నేను పట్టించుకోవడం మానేశాక కూడా ఏళ్ల తరబడి ఆడి, నా వయసు దాటి, రిటైరైపోయాడు.

మల్లేశన్న ఫోన్ నంబరు తీసుకోలేదు. నాచారం వైపు మీకెవరికైనా కనిపిస్తే కాస్త చెప్పండి, వాడి మోకాలు తగ్గిందని.