లాడ్జి వాకిట్లో మునెమ్మ బిందె

దయ్యమనే మాట ఎవరెత్తినా ముందుగా తిట్టేది నేనే. బడికి పోయినవాణ్ణి కాదు. శెనక్కాయలు కట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కొని చదువు నేర్చినవాణ్ణి. కంటితో చూడంది, చేత్తో తాకంది నమ్మను. ఇది చూసినాను, తాకినాను. అదే నా తంటా.

తిరుపతి రైలు స్టేషన్‌కు దగ్గర్లో ఒక సందులో ముప్పై ఏండ్లు బతికినాను. పదహైదు ఇండ్లకు ఒకటే కొళాయి. నీళ్ళు పది గంటలకు. తెల్లారుతూనే బిందెలు వరసలో పెట్టేసి ఎవరి పనికి వాళ్ళు పోయేవాళ్ళు. మనిషి లేకున్నా బిందె ఉంటే చాలు, ఆ చోటు వాళ్ళదే. ఎంత కొట్లాడుకున్నా పెట్టిన బిందెను ఎవరూ జరిపేవాళ్ళు కాదు.

నేను తన్నినాను.

సందు ఖాళీ చేయమని కాగితం వచ్చింది. చదవను వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఊరి బయట కాలనీలో ఇంటికొక ఇల్లు ఇస్తారంట, వేలిముద్రలు వేయండని అందరికీ చెప్పినాను. పక్కింటి మునెమ్మ వేయనంటే వేయనంది. ఇడ్లీలు అమ్ముకొని ఒంటరిగా బతికే మనిషి. చివరికి "నువ్వు చెప్పినావనే వేస్తాండాన్నా" అని వేసింది.

ఖాళీ చేసే రోజు పొద్దున కూడా ఆమె తన ఇత్తడి బిందె తెచ్చి కొళాయి దగ్గర పెట్టింది. అవతల మా సామాన్లు ఎక్కించుకున్న లారీవాడు హారన్ కొడతా ఉండాడు. నాకు మండింది. కాలితో ఒక్క తన్ను తన్నినాను. బిందె దొర్లిపోయి రాతికి కొట్టుకొని, అడుగు అంచున రెండు వేళ్ళ మందం సొట్ట పడింది.

"పెట్టిన బిందెను తంతావా? నా వరస నాదేన్నా. నేను యాడికీ పోను" అనింది మునెమ్మ.

నాకు ఇల్లు వచ్చింది. జాబితాలో ఆమె పేరు లేదు. ఆఫీసుకు పోయినప్పుడల్లా "వరసలో ఉండమ్మా" అన్నారు. ఉండింది. చంద్రగిరిలో ఒక అద్దె గదిలో, వరసలో ఉండంగానే చచ్చిపోయింది. ఎవరి గొంతు పట్టుకోవాల? ఆ కాగితం చదివినోడి గొంతు కూడా పట్టుకోవాల్సిందే.

పోయిన ఎండాకాలం ఒక రోజు పొద్దున్నే బస్సెక్కి ఆ సందు చూడబోయినాను. సందు యాడుండాది? ఐదంతస్తుల లాడ్జి ఉండాది. పాత కరెంటు స్తంభం ఒకటే మిగిలింది. దాని నుంచి నాలుగడుగులు లెక్కేస్తే కొళాయి చోటు. ఇప్పుడది లాడ్జి వాకిలి, అద్దం మాదిరి గ్రానైట్. మెట్టు మీద కూర్చోబోతే వాచ్‌మన్ వచ్చినాడు.

"ఏం పెద్దాయనా, రూమా? ఆధార్ ఉండాదా?"

"ఈడ ముప్పై ఏండ్లు పండుకున్నానప్పా. ఒక్కడూ ఆధార్ అడగలా."

"అట్లయితే బాడుగ బాకీ ఏమన్నా ఉండాదేమో సూడాల" అని నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు.

పది గంటలైంది. స్తంభానికి నాలుగడుగుల దూరంలో, ఎండిన బండ మీద, గుండ్రంగా తడి కనిపించింది. బిందె ఎత్తినాక మిగిలే తడి. వాచ్‌మన్ విసుక్కుంటా గుడ్డ తెచ్చి తుడిచినాడు. బీడీ కాల్చేంత సేపట్లో మళ్ళీ వచ్చింది.

"దినామూ ఇదే కత పెద్దాయనా. ఓనరు రెండు తూర్లు బండ పెరికించినాడు. కింద పైపు లేదు, ఎండుమన్ను."

పైకి చూసినాను. కారే ఏసీ లేదు, సన్‌షేడ్ లేదు. వంగి తాకినాను. చల్లగా ఉండాది. అప్పుడు కనిపించింది. ఆ గుండ్రం పూర్తిగా లేదు. ఒక పక్క, విరిగిన గాజు మాదిరి, తెగిపోయింది. రెండు వేళ్ళు పెట్టి చూసినాను. సరిపోయినాయి.

వాడు మళ్ళీ గుడ్డ ఎత్తినాడు. చెయ్యి పట్టుకున్నాను.

"తీయాకబ్బా. వరసలో పెట్టిన బిందెను తీయకూడదు."

ఎండకు పిచ్చిపట్టిందనుకున్నాడో ఏమో, గుడ్డ కింద పెట్టి పోయినాడు. సాయంత్రం దాకా దాని పక్కనే కూర్చున్నాను, ఎవరూ తొక్కకుండా. అంత ఎండలో అది ఆరలేదు. బస్సుకు లేచే వేళకు కూడా తడి అట్లే ఉండాది.

దయ్యాలు లేవు. ఇప్పటికీ అదే అంటాను. ఆ తడి యాడ నుంచి వస్తాందో ఏమో. ఆ సొట్ట మాత్రం నాది.