అతని నిద్ర కోసం

లారీ ఎక్కిన మొదటి ఏడాదంతా నేను ఒక మనిషి నిద్రపోవాలని కోరుకుంటూ గడిపాను. వినడానికి ఇదెలా ఉంటుందో నాకు తెలుసు. అయినా ఆ ఏడాది మాట ఎవరెత్తినా నాకు ముందు గుర్తొచ్చేది, నా సీటు వెనక బల్ల మీద కళ్ళు తెరుచుకుని పడుకున్న ఆ మనిషే.

అప్పటికి నాకు నలభై దాటాయి. మాది బళ్ళారి జిల్లాలో కెంచనగుడ్డ. పెళ్ళి కాకముందు నుంచీ పక్క క్యాంపులో ట్రాక్టరు తోలేవాణ్ణి. క్యాంపంటే కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పెట్టుకున్నవాళ్ళ ఊరు. దమ్ము చేయడానికి నన్నే పిలవాలని పట్టుబట్టే రైతులు ఉండేవాళ్ళు, ఆ గొప్ప నాకు కాస్త ఎక్కువగానే ఉండేది. నన్ను పెట్టుకున్న రైతు, వయసు మీద పడి, పొలం కౌలుకిచ్చేశాడు. కౌలుకు తీసుకున్నవాడికి సొంత ట్రాక్టరుంది. ఇక మిగిలింది మందు కొట్టే డబ్బా వీపుకు తగిలించుకుని కూలికి పోవడం. దానికి నాకు మనసొప్పలేదు. హెవీ లైసెన్సు ఎప్పుడో తీసి పెట్టుకున్నాను కాబట్టి లారీ ఎక్కుదామనుకున్నాను.

లారీల ఓనరు బళ్ళారిలో, సత్యనారాయణపేటలో ఉండేవాడు. ఒకప్పుడు తనూ డ్రైవరే. ఇంటి ముందు కుర్చీ వేయించి, టీ ఇప్పించి, నింపాదిగా మాట్లాడాడు.

“చూడప్పా, నాకు ఇంకో బండి వస్తాండాది. ఏడాది నాటికి దాన్ని నీ చేతికే ఇస్తా, ఒక్కనివే తోలుకో. అంతవరకూ కేరళకు పోయే బండిలో రెండో డ్రైవరుగా పో. ఏడాదైనాక ఆ బండి డ్రైవర్ని ఒకటే మాట అడుగుతా, నువ్వు తోల్తాంటే వానికి నిద్ర పట్టిందా ల్యాదా అని. పట్టిందంటే బండి నీది. ల్యాకుంటే నీ పొలం పని నువ్వు చూస్కో.”

“ఇంకేం అడగవా?” అన్నాను.

“ఇంకేం అడగాల? లైసెన్సు అందరి దగ్గరా ఉండాదిలే.”

నాకు నవ్వొచ్చింది. నిద్ర పట్టడం ఎంతసేపు, మొదటి ట్రిప్పులోనే గురక పెట్టిస్తాను అనుకుంటూ బస్సెక్కి ఇంటికొచ్చాను.

కేరళ బండి డ్రైవరుది కంప్లి. నాకన్నా పదేళ్ళకు పైగా చిన్నవాడు. అదొక చిక్కు. నేర్పేవాడు అతను, నేర్చుకునేవాణ్ణి నేను, కానీ వయసుకు నేను పెద్ద. దాంతో ప్రతి తిట్టుకూ ముందు ‘అన్నా’ అని తగిలించేవాడు. “అన్నా, తప్పుగా అనుకోవద్దు. గేరు మార్చేటప్పుడు బండి కొట్టుకుంటాండాది, లోపల బియ్యం నూకలైతాయి” అనేవాడు. మర్యాద తగ్గేది కాదు, తిట్టూ తగ్గేది కాదు. ఆ మర్యాదే నాకు ఎక్కువ మండేది.

సిరుగుప్ప మిల్లుల్లో బియ్యం ఎత్తుకుని బయలుదేరేవాళ్ళం. బళ్ళారి దాటాక కాసేపు ఆంధ్రలోకి దూరి, రాంపుర దగ్గర మళ్ళీ కర్ణాటకలోకొచ్చి, చళ్ళకెరె, హిరియూరు మీదుగా బెంగళూరు. అక్కడి నుంచి హోసూరు, సేలం, ఆపైన కేరళ. కొంతదూరం అతను తోలేవాడు, కొంతదూరం నేను. అతను తోలుతుంటే నేను మొద్దులా నిద్రపోయేవాణ్ణి. నేను తోలుతుంటే అతను మాత్రం బల్ల మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ ఉండేవాడు.

“పండుకో అప్పా,” అనేవాణ్ణి.

“నిద్ర రావడంల్యా అన్నా. సెకగా ఉండాది,” అనేవాడు. వానాకాలం వచ్చింది. అప్పుడు పన్నునొప్పన్నాడు. పన్ను పీకించుకున్నాక కాఫీ ఎక్కువైందన్నాడు. పెద్దవాణ్ణి కదా, ముఖం మీద చెప్పలేక ఎన్ని సాకులు వెతికాడో పాపం. తన వంతు నిద్ర పోగొట్టుకుని, ఏ పెట్రోలు బంకు దగ్గరో బండి ఆపించి అక్కడ పడుకునేవాడు. బండి నిలబడితే మాత్రం నిమిషంలో నిద్రపోయేవాడు. ఆ కాస్త నిద్ర కోసం మా లోడు ఎప్పుడూ ఆలస్యంగానే చేరేది.

నాలో తప్పేమిటో మొదట అతనే కనిపెట్టాడు. ఒకరోజు శిరా దగ్గర, “అన్నా, ఎనక ఏం పారేసుకున్న్యావు?” అనడిగాడు. నాకర్థం కాలేదు. నేను మాటిమాటికీ మెడ వెనక్కి తిప్పుతున్నానట. దమ్ములో తోలేవాడి కళ్ళెప్పుడూ వెనకే ఉంటాయి. మన్ను ఎట్లా తిరుగుతుందో, చక్రం ఎక్కడ దిగబడుతుందో చూసుకుంటూ ఉండాలి కదా. ఎదురుగా ఏముంటుంది, గట్టూ, కొంగలూ. ఇరవై ఏళ్ళ మెడ అది, ఒక్కసారిగా ముందుకు తిరగమంటే తిరగలేదు. దాన్ని మాన్పించడానికి నాకు వానాకాలమంతా పట్టింది.

మెడ తిప్పడం మానాను గానీ అతనికి నిద్ర పట్టలేదు. దాంతో నాకు పంతం పెరిగింది. నేను ఇంటికొచ్చినప్పుడల్లా మా ఆవిడ, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిస్తూనే, “పండుకున్న్యాడా?” అని అడిగేది. లేదనేవాణ్ణి. “నీ పక్కన నేనైనా పండుకోను,” అనేది నవ్వుతూ. స్కూటరు వెనక కూర్చుని ఆమె నా చొక్కా ఎంత గట్టిగా పట్టుకునేదో నాకు తెలుసు కాబట్టి బదులు చెప్పేవాణ్ణి కాదు. వీధిలో మగవాళ్ళు ఇంకో మెట్టు పైన. “ఏందప్పా, జోలపాట నేర్చుకున్న్యావా?” అని ఒకడు, “ఉయ్యాల కట్టు బండిలో” అని ఇంకొకడు. పైకి నవ్వేవాణ్ణి గానీ లోపల ఉడికిపోయేవాణ్ణి. ఆ మందు డబ్బా నా కళ్ళ ముందే తిరుగుతూ ఉండేది.

చలికాలంలో ఒక ఉపాయం చేశాను. అతన్ని నిద్రపుచ్చేట్టు తోలాలని మెల్లగా, మెత్తగా, హారను కొట్టకుండా పోనిచ్చాను. గుంత కనబడితే పెళ్ళికూతురి పల్లకీలా దించాను. వెనక వచ్చేవాళ్ళు విసుక్కుని హారన్లు మోగిస్తూ దాటిపోతున్నా పట్టించుకోలేదు. డ్రైవరు తలపైన ఒక చిన్న అద్దం ఉండేది. అందులో అతని ముఖం కనబడేది. రెప్పలు వాలుతున్నాయా లేదా అని నిమిషానికోసారి చూస్తూ ఉన్నాను. కాసేపటికి అతను లేచి వచ్చి ఆ అద్దాన్ని పైకి తిప్పేశాడు.

“అన్నా, నీ కండ్లు నా మీద ఉండాయి. రోడ్డు మీద ల్యావు. ఇట్ల తోల్తే నాకు నిద్ర యాడ వస్తుంది?”

నాకు కోపం ఆగలేదు. “నువ్వు ఊరికెనే పండుకున్న్యానని ఓనరుకు చెప్పరాదా? నీ సొమ్మేం పోతుంది?” అన్నాను.

అతను వెళ్ళి మళ్ళీ బల్ల మీద కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “ఒక మాట చెప్పేస్తే నాకు పొయ్యేదేం ల్యాదన్నా. పొయ్యేది నీ పానం. రేపు ఒక్కనివే పోతావు. అప్పుడు ఎనక మేలుకొని ఎవురుంటారు?”

అతని మీద ఉన్న కోపమంతా ఆ రోజే పోయిందంటే అబద్ధం. రెండు ట్రిప్పులు ముఖం ముడుచుకునే తిరిగాను. కానీ అప్పటి నుంచి అతన్ని నిద్రపుచ్చే ప్రయత్నం మానేశాను. పడుకుంటే పడుకుంటాడు, లేకపోతే లేదు, నా రోడ్డు నేను చూసుకుంటాను అనుకున్నాను. అప్పుడే లారీ తోలడంలో ఒక సుఖముందని తెలిసింది. ముందు పోయే బండి బ్రేకు వేయబోతోందని దాని నడకలోనే తెలియడం, లోడు ఎక్కువుంటే ఎక్కుడులో ఇంజను ఏ గొంతుతో గేరు అడుగుతుందో వినబడడం, ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే నాకు అలవాటయ్యాయి. ఆ రోజులు నాకిష్టం. మాటలు కూడా తగ్గిపోయాయి మా మధ్య.

అయితే తొప్పూరు ఘాటు మాత్రం అతను నాకెప్పుడూ ఇవ్వలేదు. ధర్మపురి దాటాక సేలం వైపు దిగే కొండ రోడ్డది. నిండు లోడుతో దిగేటప్పుడు బండిని గేరు మీదే పట్టుకుని దింపాలి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్లో వదిలితే కింద బ్రేకులు పట్టవు. అలా పోయిన బళ్ళను మేమిద్దరం చూశాం. పైన ఒక చోట బండి ఆపేవాళ్ళం. “ఈడ నేను తోల్తాలే అన్నా,” అని అతను సీటులోకి వచ్చేవాడు. నేను నోరు మూసుకుని పక్కకు జరిగేవాణ్ణి.

ఏడాది ముగియడానికి వచ్చింది. ఇదే ఆఖరి ట్రిప్పు, తిరిగొచ్చాక ఓనరు అడుగుతాడు. అతనికి అప్పుడే ఆడపిల్ల పుట్టింది. హోసూరు దాటి ఒక బంకులో బండి పెట్టి పడుకున్నాం గానీ, ఇంట్లో పాపకు జ్వరమని ఫోన్లు వస్తూనే ఉన్నాయి, తెల్లారేదాకా అతను కన్ను మూయలేదు. పొద్దున కాఫీ తాగుతుంటే జ్వరం దిగిందని కబురొచ్చింది. అతని ముఖం చూడాలి అప్పుడు. గ్లాసు కింద పెట్టి, “అన్నా, నువ్వు తోలు,” అని బల్ల మీదికి ఎక్కాడు.

కృష్ణగిరి టోలు దగ్గర చిల్లర సంచి కోసం వెనక్కి చూశాను. నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

ఏడాదంతా నేను కోరుకున్నది అదే. కానీ సంతోషం రాలేదు. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని నాకు తెలుసు. అంత అలసిపోయినవాడు ముళ్ళ మీద పడేసినా నిద్రపోతాడు. అదీగాక నాకు భయం పట్టుకుంది. అంతవరకూ అతని మెలకువ నాకు అవమానంగానే కనిపించింది. ఏదైనా నేను చూడకపోతే వెనక నుంచి ‘అన్నా’ అనే గొంతు ఒకటి ఉందని, ఆ గొంతును నమ్ముకునే ఇన్నాళ్ళూ తోలానని, అది ఆగిపోయాకే తెలిసింది. ఎండ ఎక్కింది. ధర్మపురి దాటాను.

ఘాటు పైన మామూలు చోటే బండి ఆపాను. దిగి, రాడ్డుతో టైర్లన్నీ కొట్టి చూశాను, తాళ్ళు లాగి చూశాను. అతనికి సీటివ్వడానికి అటువైపు నుంచి వచ్చి తలుపు తీశాను. తలుపు చప్పుడుకు అతనికి మెలకువ వచ్చింది. మోచేతి మీద లేచి, ముందద్దంలోంచి ఎదురుగా దిగిపోతున్న రోడ్డు చూశాడు. ఎక్కడున్నామో అతనికి బాగానే తెలిసింది.

“ఎందుకన్నా దిగినావు?”

“ఘాటు వచ్చింది,” అన్నాను.

“వస్తే?” అన్నాడు. నా ముఖం ఒకసారి చూసి, దుప్పటి భుజం మీదికి లాక్కుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నేను ఆ తలుపు మెల్లగా మూశాను. తర్వాత తిరిగి వెళ్ళి నా సీటులో కూర్చున్నాను. గేరు తగ్గించుకుని, ఇంజను మీద బరువంతా ఆపుకుంటూ దిగాను. మొదటి మలుపు దాటేసరికి వెనక నుంచి గురక మొదలైంది. కింద చదును రోడ్డుకొచ్చాక నాకు ఏడుపొచ్చింది. ఇంటికి పెద్దవాణ్ణి, మీసాలు నెరుస్తున్నవాణ్ణి, భుజానికి కళ్ళు తుడుచుకుంటూ సేలం దాకా అలాగే తోలాను. సిగ్గుపడలేదు. చూడ్డానికి బండిలో ఉన్నది ఒక్కడే, అతను నిద్రపోతున్నాడు.