అంబుజాక్షి తేల్చిన మూడు రెట్లు

అంబుజాక్షికి నలభై ఆరేళ్ళ వయసులో రోగాల లెక్కలు కట్టే బయోస్టాటిస్టిక్స్ పిచ్చి పట్టింది. చిక్కబళ్ళాపురంలో షుగరు సర్వే ఆఫీసు మాది. ఆమె, నేను, మేఘ తలా కొన్ని ఊళ్ళు తిరిగి రక్తం తీసుకొచ్చేవాళ్ళం; బాగేపల్లి ఆమె సొంతూరు, అది ఆమె వంతు. లెక్కలు తేల్చే అనలిస్టు పోస్టు ఖాళీ అయిందని తెలిసిన రోజు నుంచి ఈమెకు నిద్ర లేదు. "ఇంక ఎండలో తిరగలేనమ్మా, ఆ కుర్చీలో నేనే కూచోవాల" అనేది. బస్సులో కూడా లాజిస్టిక్ రిగ్రెషన్ లెక్కల పుస్తకమే! తను నేర్చుకున్నదంతా మేఘకూ నేర్పింది. నాకూ నేర్పబోయింది గానీ నా బుర్రకెక్కితేనా!

ఏడాదికి తేల్చింది. వయసు, బరువు, బీడీ అలవాటు అన్నీ లెక్కలో పెట్టి చూసినా, చింతామణి ఊళ్ళో కంటే బాగేపల్లిలో షుగరు మూడు రెట్లు. మా సార్ శ్రీనివాసమూర్తి పెద్ద డాక్టర్లను పిలిచి ఆమె చేతే చెప్పించాడు. పోస్టు ఇక ఆమెదే అనుకున్నాం. నాకు కడుపు మండింది, దాచుకోవడమెందుకు?

రక్తమిచ్చినవాళ్ళ తరఫున బాగేపల్లి బైరప్ప కూడా వచ్చాడు. "మీ ఊర్లో క్యాంపు ఎట్లా జరిగిందప్పా?" అని అడిగాడు సార్.

"అమ్మ చల్లని తల్లి సార్. వాళ్ళింటి ముందర జగలి, ఆ అరుగు మీదే కూచోబెట్టె. పొద్దున్నే నడిచొస్తిమని అందురికీ ముందు కాఫీ, ఆమీటే సూది."

సార్ మొహం మాడిపోయింది. "అమ్మా, అది పరగడుపున తీయాల్సిన రక్తం!"

"అన్నం పెట్టలేదు సార్" అంది అంబుజాక్షి. "ఏకాదశి ఉపవాసానికే కాఫీ అడ్డం లేదు కదా? ఇంటికొచ్చినోళ్ళను ఒట్టి నోటితో ఎట్లా పంపేది?"

"అన్నీ లెక్కలో పెట్టినారు, మీ చక్కెర డబ్బా ఒకటి మరిచినారే!" అన్నాడు సార్. గది గొల్లుమంది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను, పాపిష్టిదాన్ని. ఆమెను మెచ్చుకుంటున్నారనుకుని బైరప్ప కూడా నవ్వి చేతులు జోడించాడు.

పోస్టు మేఘకిచ్చారు. మొదటి పని, బాగేపల్లి వాళ్ళు నూట నలభై ముగ్గురినీ కంప్యూటర్లోంచి తీసేయడం. నంబర్లు చదవడానికి సార్ అంబుజాక్షినే కూర్చోబెట్టాడు, క్యాంపు కాగితాల మీది ఆమె చేతిరాత ఆమెకే అర్థమవుతుందని. ఒక్కొక్కటే చదివింది. సగంలో మేఘ ఎవరో చింతామణి మనిషిని తీసేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"నిదానంగా చెయ్యమ్మా. కొత్త పోస్టు, తప్పు పోతే నవ్వుతారు."