ఊదాపూల మొక్కకు ఎవరి పేరు

పై ఫ్లాటులో వంటగట్టు కోసం గ్రానైటు పలక కోస్తున్నారు. తడిసిన రాతిపొడి వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. గుంటూరులో అదేమీ కొత్త వాసన కాదు. నాకు మాత్రం అది తగిలినప్పుడల్లా రత్నకుమారి మేడమ్ గుర్తొస్తారు, ఆ వెంటే కోపం ముంచుకొస్తుంది. ఆవిడ మా డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. చీరాల దగ్గర చర్చి బడిలో పనిచేసిన టీచరుగారి అమ్మాయి. మెత్తగా మాట్లాడటం ఆవిడకు చేతకాదు. ఒకసారి నేను దేన్నో చూపించి ఏదో పిచ్చిమొక్క అన్నాను. "పిచ్చి దానికి కాదు, చూడకుండా మాట్లాడే నీకు" అన్నారు, క్లాసు క్లాసంతా వింటుండగా.

ఒక వానాకాలం మమ్మల్ని మార్టూరు అవతల ఒక రాతికొండకు తీసుకెళ్ళారు. మిరపచేలు దాటి ఎక్కితే, పైన బండమీద నీరు ఊరేచోట వేలెడెత్తు మొక్కలు కనిపించాయి. చిన్న చిన్న ఊదాపూలు. మేడమ్ తడిబండమీద బోర్లా పడుకుని భూతద్దం పెట్టి చూశారు. చీర నానిపోతున్నా లేవలేదు. చివరికి, "ఇది పుస్తకాల్లో లేదే" అన్నారు మెల్లగా.

లేదని అనిపించడం వేరు, లేదని తేల్చడం వేరు. ఆ పువ్వు వానలు పడిన కొద్దివారాలే ఉంటుంది. అందుకని వానలు వచ్చినప్పుడల్లా వెళ్ళేవాళ్ళం. నేను ఎమ్మెస్సీలో చేరాక కూడా ఆవిడ వెంట వెళ్ళాను. రేకుల అంచులు, కేసరాల మీది నూగు, గింజల మీది గీతలు, అన్నీ ఇదివరకు తెలిసిన దాని చుట్టాలతో పోల్చి, ఇది అది కాదని ఒక్కొక్కటిగా తీసేశారు. చుట్టుపక్కల కొండలన్నీ తిరిగాం. మరెక్కడా కనబడలేదు.

నిర్ధారణ కోసం ఎండబెట్టిన మొక్కలను, తన వివరణను ఒక పెద్ద ప్రొఫెసరుకు పంపారు. చాలాకాలం ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఒక పత్రికలో ఆ మొక్క వచ్చింది, కొత్తజాతి అని. కనుక్కున్నది ఆయన ఒక్కడేనని అందులో ఉంది. మొక్కకు పెట్టింది ఆయన గురువుగారి పేరు. అడుగున స్థానిక కాలేజీ సిబ్బందికి ధన్యవాదాలు. నేను రగిలిపోయాను. మేడమ్ పత్రికవాళ్ళకు ఫిర్యాదు చేశారు, జవాబు రాలేదు. "పేరు పోతే పోయింది, మొక్క ఉంది కదా" అన్నారు. ఆవిడకు ఒళ్ళు మండింది వేరే మాటకు. ఈ ప్రాంతపు కొండల్లో ఇది విరివిగా పెరుగుతుందని ఆయన రాశాడు. ఆ కొండ మొహం చూడని మనిషి!

ఆ తర్వాత ఆ కొండను గ్రానైటు క్వారీకి ఇస్తున్నారని కింది ఊళ్ళో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. కంపెనీ తరఫు మనిషి సరిగ్గా ఆ వాక్యమే చదివాడు. విరివిగా ఉన్న మొక్కే కాబట్టి ఈ కొండ పోయినా నష్టం లేదన్నాడు. మేడమ్ లేచారు.

"విరివిగా లేదండి. ఈ ఒక్క బండమీదే ఉంది. కనుక్కున్నది నేను."

అధికారి ఆ వ్యాసం తిరగేసి చూశాడు. "మీ పేరు ఇందులో ఎక్కడా లేదు కదమ్మా. ఇంతకీ మీరెవరు?"

జనంలో ఎవరో నవ్వారు. మేడమ్ నిలబడే ఉన్నారు. పేరు పోతే పోయిందన్న మనిషికి ఆ పేరు ఎందుకు కావాలో ఆ క్షణాన తెలిసింది. నాకూ తెలిసింది. ఆ మొక్క తరఫున మాట్లాడే హక్కునే ఆ ప్రొఫెసరు దొంగిలించాడు.

అనుమతి వచ్చింది. మరుసటి వానలకు వెళితే బండ ఉన్నచోట గొయ్యి ఉంది. మేడమ్ తడిసిన రాతిపొడి గట్టున కూర్చుండిపోయారు. ఆ ప్రొఫెసరుకు మాత్రం ఆ ఏడాదే సన్మానం జరిగింది. మేడమ్ పోయినప్పుడు ప్రార్థనలో పాస్టరుగారు ఆవిడ ఓర్పును మెచ్చుకున్నారు. ఆవిడ ఏనాడూ ఓర్చుకోలేదని లేచి చెప్పాలనిపించింది. ఆవిడ మాట ఎవరూ వినలేదు, అంతే.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. మొక్కను వెతికి తెచ్చిన పిల్లల పేర్లే ముందు రాయిస్తాను. మొన్న ఒక పెద్దాయన ఫోను చేసి, మా పిల్లల వ్యాసంలో తన పేరు కూడా కలపమన్నారు. వాళ్ళు మొక్కను వెతికిన కొండ మీరు ఎక్కారా అని అడిగాను. ఆయన నవ్వి, "ఈ వయసులో కొండలేంటమ్మా" అన్నారు.

"అయితే కుదరదండీ" అని ఫోను పెట్టేశాను.