ఆగిపోయిన ఫ్యానులో దెబ్బలు

మాది బాప్టిస్టు ఇల్లు. దెయ్యం మాట వినిపిస్తే మా అమ్మ ప్రార్థన మొదలుపెడుతుంది, నేను నవ్వడం మొదలుపెడతాను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

ఐటీఐలో ఫిట్టర్ కోర్సు అయ్యాక విజయనగరం జిల్లాలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ అప్రెంటిస్‌గా చేరాను. దాని పేరు చెప్పను. నన్ను సింహాచలం మావ దగ్గర వేశారు. మా పక్క ఊరివాడు, వరసకు మావ. ఆడపిల్ల చేతిలో పానా ఏమిటని అందరూ మూతి తిప్పుతుంటే, ఆయన నాకు ఓ పెద్ద స్క్రూడ్రైవర్ ఇచ్చి, మొన బేరింగ్ మీద పెట్టి పిడి చెవికి ఆనించి మిషను లోపలి చప్పుడు వినమన్నాడు. "మిషను అబద్ధం సెప్పదే పిల్లా, మనమే సెప్తాం" అనేవాడు.

ఫ్యాక్టరీ గోలలో అరిస్తే వినపడదు. అందుకే ఇనుము మీద పానాతో కొట్టి పిలుచుకుంటాం. వరసగా మూడు దెబ్బలంటే 'బయటికి రా' అని. దెబ్బల్లో మావ నాకు నేర్పింది అదొక్కటే.

ఆ రోజు పట్టపగలు. దుమ్ము లాగే పెద్ద ఫ్యానుని ఆపేశాం. స్విచ్చుకి తాళం వేసి, తాళంచెవి మావ జేబులో పెట్టుకున్నాడు. చిన్న తలుపులోంచి లోపలికి దూరి, రెక్కలకు అట్టకట్టిన దుమ్ము గోకుతున్నాడు. బయట కాపలా నేను. ఊరికే నిలబడలేక స్క్రూడ్రైవర్ బేరింగ్‌కి ఆనించాను. ఆగిన మిషన్‌లో ఏముంటుంది? గరగరమని మావ గోకుడు తప్ప.

అంతలో దెబ్బలు వినిపించాయి. రెండు వెంటవెంటనే, కాస్త ఆగి ఒకటి. మళ్ళీ అలాగే. మళ్ళీ.

మావే కొడుతున్నాడనుకున్నాను. కానీ గోకుడు ఆగలేదు. రెండు చప్పుళ్ళూ ఒకేసారి వస్తున్నాయి. ఫ్యాను చుట్టూ తిరిగి చూశాను, ఎవరూ లేరు. మళ్ళీ చెవి ఆనించాను. ఈసారి దెబ్బలు గట్టిగా, తొందర తొందరగా పడుతున్నాయి.

తలుపులో తల పెట్టి మావ కాలు పట్టుకుని లాగాను. తిట్టుకుంటూ పాక్కుంటూ వచ్చాడు.

"ఏటే, ఏటైనాది?"

"నువ్వేనా మావా కొట్టినావు?"

"నానెక్కడ కొట్టినానే? రెండు సేతులూ గోకడానికే సాల్లేదు."

ఆ మాట పూర్తవుతుండగానే లోపల దడేల్మంది. ఫ్యాను మీది దుమ్ము గొట్టంలోంచి గట్టిపడ్డ గడ్డ, దాంతోపాటు ఒక ఇనప పలక ఊడి, మావ కూర్చున్న చోటే పడ్డాయి. తలుపులోంచి దుమ్ము మా మొహాల మీదికి కొట్టింది.

మావ మొహం మీది దుమ్ము తుడుచుకుని, తలుపులోంచి ఆ పలక వైపు చూశాడు. తర్వాత "ఎలగ కొట్టినారో సూపించు" అన్నాడు. పక్కనున్న గొట్టం మీద కొట్టి చూపించాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"ఈ దెబ్బ నీకెవులు నేర్పినారు? ఇది మా మేస్త్రీది. నాను అప్రెంటీసుగా ఉన్నప్పుడు నన్ను ఇలగే బయటికి పిలిసేవోడు. ఆయనతోటే పోయినాది. నానెవులికీ సెప్పనేదు."

ఆ మేస్త్రీ ఫ్యాక్టరీలో చనిపోలేదు. రిటైరయ్యాక ఇంట్లో, మంచం మీద, జ్వరంతో పోయాడట. ఆయన్ని నేను చూడనైనా లేదు.

పలక ఊడేముందు టకటకలాడి ఉంటుందని సూపర్‌వైజర్ తేల్చేశాడు. టకటకలాడే ఉండొచ్చు. నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను. మరి పలకకి మేస్త్రీ దెబ్బ ఎవరు నేర్పారు?

ఆ ఆదివారం మావ అరసవల్లి గుడికి వెళ్ళాడు, నేను చర్చికి వెళ్ళాను. ఏం అడిగామో ఒకరికొకరం చెప్పుకోలేదు.

ఇప్పటికీ ఎవరు లోపలికి దూరినా, ఆగిన మిషన్‌కి చెవి ఆనిస్తాను. ఏమీ వినిపించదు. లోపల ప్రమాదం లేకనా, చెప్పేవాడు రాకనా అన్నది నాకు తెలియదు. అందుకే లోపలి మనిషి బయటికొచ్చేదాకా చెవి తియ్యను.